వాడిపోని అడ్డాకు

"ఆరుగురు మా మీద పగబట్టిండ్రు మేడం. అండ్ల ఒక్కల మొఖం గూడ మేం చూడలె."

ఖమ్మం వైరా రోడ్డులో మందుల దుకాణం పైనున్న రెండో అంతస్తు గదిలో కూర్చుని సోడి దుర్గ ఈ మాట అంటూ చేతిలోని ఫోను బల్ల మీదికి జరిపింది. ముప్పై ఏళ్ళుంటాయి ఆమెకు. తెల్లవారుజామున భద్రాచలం దాటి, రెండు బస్సులు మారి వచ్చిన అలసట ముఖంలో తెలుస్తోంది. పక్కనే ఆమె పెద్దమ్మ రామక్క సంచి ఒళ్ళో పెట్టుకుని, ఫ్యాను వంకే చూస్తూ కూర్చుంది.

పద్మప్రియ వింటూ కూర్చుంది. వచ్చినవాళ్ళు చెప్పాల్సింది మొత్తం చెప్పేదాకా నోరు మెదపకపోవడం ఆమె అలవాటు. బీమా కంపెనీలో పదిహేనేళ్ళు దొంగ క్లెయిములు పట్టి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. మూలన బల్ల దగ్గర రాందాస్ కాగితం, పెన్ను సిద్ధంగా పెట్టుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళు ఏన్కూరు పరిసరాల తండాలకు ఉత్తరాలు మోసి రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఇంట్లో తోచక ఇక్కడ చేరాడు. "నీ మేడం ఆలోచిస్తుంటే చూసొచ్చెటందుకు రోజూ బస్సు కిరాయి పెడుతున్నవ్" అని భార్య సోమ్లి ఎగతాళి చేస్తుంది. అది నిజమే కాబట్టి రాందాస్ ఎదురు చెప్పడు.

దుర్గ చెప్పింది ఇదీ. వాళ్ళది భద్రాచలం అవతల అడవిలో పెదమడుగు గుంపు అనే చిన్న గూడెం. పదకొండు కుటుంబాలు కొండతేనె తీస్తాయి. రెండేళ్ళుగా ఆ తేనెను 'వేలంగడప' అనే ఆన్‌లైన్ వేలం సైటులో పెట్టి అమ్ముతున్నారు. సీసాకో లాటు. ఎవరెక్కువ పాడితే సీసా వాళ్ళది. కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళకు, అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళకు ఐదింట ఇన్ని అని స్టార్లు వేస్తారు. మొన్నటిదాకా పెదమడుగు తేనెకు ఐదుకు కాస్త తక్కువ. ఈ నెలన్నరలో ఆరుగురు ఒక్కో స్టారు వేశారు. నాగపూర్, నెల్లూరు, బెంగళూరు, హైదరాబాద్, కడప, వరంగల్. అందరి ఆరోపణా ఒకటే: తేనెలో బెల్లం పాకం కలిపారు.

"శనివారం సాయంత్రం ఐదు గంటలకు మా అకౌంట్ బంద్ పెడ్తమని మెసేజ్ వచ్చింది. ఒక్కసారి బంద్ అయితే మళ్ళ తెరవరంట. పదకొండు ఇండ్లోళ్ళను కూసోపెట్టి, సంతల అడ్డికి పావుశేరు అమ్మొద్దు, నన్ను నమ్ముండ్రి అని చెప్పింది నేనే మేడం. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని గుంపులకు పోవాలె?"

"తేనె పరీక్ష చేయించారా?"

"పంపినం. రిపోర్టుకు మూడు వారాలన్నరు. మాకున్నయి నాలుగు రోజులు."

అప్పటిదాకా ఫ్యాను వంక చూస్తున్న రామక్క సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద టక్కున పెట్టింది. సీసాకు, విస్తళ్ళు కుట్టే పచ్చటి అడ్డాకు చుట్టి, నారతో కట్టి ఉంది. మూత మీద తేనెమైనం పోసి ఉంది.

"నువ్వే రుచి చూడు బిడ్డా. పాకమా, తేనెనా? నా నాలిక మీద పడకుంట ఒక్క సీస గూడ గడప దాటదు. రుచి చూసినంకనే మైనం పోసి ఏలు గుద్దుత."

మైనం మీద బొటనవేలి గుర్తు స్పష్టంగా ఉంది. వేలి మధ్యలో అడ్డంగా ఒక గీత. రామక్క తన వేలు చాచి చూపించింది. చిన్నప్పుడు కొడవలి తెగిన మచ్చ.

"మీరు తిరిగి ఫిర్యాదు చెయ్యలేదా?" అడిగింది పద్మప్రియ.

"చేద్దామంటే సైటు ఒప్పుకుంటలేదు. కొన్నోళ్ళకు మేం ముందుగాల్నే ఐదు స్టార్లు ఇచ్చినంగద. ఐదిచ్చినోళ్ళ మీద ఫిర్యాదు లేదంట."

"అంత ముందే ఎందుకిచ్చారు?"

"భాస్కరన్న చెప్పిండు. భద్రాచలంల కొరియర్ కౌంటర్ ఆయనదే. మా గుంపుల సిగ్నల్ ఉండదు మేడం. సీసలు తీస్కపోయి ఆయనకు ఇచ్చొస్తం. అడ్రసులు చూసుడు, చీటీలు అంటిచ్చుడు, డబ్బలల్ల పెట్టుడు అన్నీ ఆయనే. 'మీరు ముందుగాల ఐదియ్యుండ్రి, వాళ్ళు గూడ మురిసి ఐదిస్తరు' అన్నడు. పెద్దమ్మకు గూడ నచ్చింది. కొన్నోళ్ళకు ముందుగాల దండం పెట్టుడు మంచిదేగద అన్నది."

"మీకు ఎవరి మీదైనా అనుమానమా?"

ఇద్దరూ ఒకేసారి అన్నారు. "రవీందర్!"

భద్రాచలంలో తేనె వ్యాపారి. అదే సైటులో అతనూ అమ్ముతాడు. "ఉగాది లోపట మీ దుకాణం మూస్తరు" అని గతేడాది బస్టాండులో అందరి ముందూ అన్నాడట.

"బంద్ అయితే ఏం చెయ్యాలో గూడ సమజ్ అయితలేదు" అంది దుర్గ లేస్తూ. "భాస్కరన్న పాపం, గట్లయితే తేనె నాకే తెచ్చియ్యుండ్రి, ఏదో ఒకటి చూస్త అన్నడు. గా ఒక్కడే మమ్ముల్ని మనుషుల లెక్క చూసేది."

వాళ్ళు వెళ్ళాక పద్మప్రియ ఆరు ఒక్క-స్టారు రేటింగులనూ తెరిచింది. ఒక్క స్టారు వెయ్యాలంటే వచ్చిన సరుకు ఫోటో తప్పనిసరిగా పెట్టాలనేది వేలంగడప నియమం. ఆరింటికీ ఫోటోలున్నాయి. అన్నీ దగ్గరగా తీసినవే. ఆకు చుట్టిన సీసా, ఆకు మీద లాటు నంబరున్న చిన్న గుండ్రటి స్టిక్కరు.

రాందాస్ తన విద్య చూపించాడు. సీసా ఇచ్చిన తేదీ, రేటింగు పడిన తేదీ పక్కపక్కన రాసి లెక్క వేశాడు.

"నాగపూర్‌కు ఆరు రోజులు. నెల్లూరుకు ఐదు. వరంగల్‌కు మూడు. తేదీలల్ల తప్పు పట్టనీకి లేదు మేడం. పార్సిల్ పోయేటంత టైముకే రేటింగు పడ్డది. వీళ్ళు నిజంగ కొన్నోళ్ళే అనిపిస్తుంది."

"తేదీలు చాలా జాగ్రత్తగా ఉన్నాయి" అంది పద్మప్రియ. ఆమె ఏదైనా మెచ్చుకుంటోందంటే అందులో ఏదో తిరకాసు ఉంటుందని రాందాస్‌కు తెలుసు. "ఒక పని చెయ్యండి. వేలంగడపలో మీ పేరు మీద ఖాతా తెరవండి. భద్రాచలం వైపు నుంచి కొండతేనె అమ్మే మిగతావాళ్ళెవరో చూసి, ఈ రోజే వేలం ముగిసే సీసా తలా ఒకటి పాడండి."

అలా అమ్మేవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఒకరు రవీందర్. రెండోది 'గిరిమధు' అనే కొత్త పేరు, వచ్చి నెలన్నర అయింది, రేటింగు ఐదుకు ఐదు. రాందాస్ రెండూ గెలిచాడు. గెలిచినప్పుడు ఫోనులో టపాకాయలు పేలిన బొమ్మ వస్తే చిన్నపిల్లాడిలా మురిశాడు కూడా.

రామక్క వదిలివెళ్ళిన సీసా కిటికీ పక్కన బల్ల మీదే ఉండిపోయింది.

* * *

బుధవారం పదకొండు గంటలకు ఇద్దరూ భద్రాచలంలో దిగారు.

రవీందర్ దుకాణంలో ఒకవైపు తేనె సీసాలు, ఇంకోవైపు బెల్లం దిమ్మలు. రాందాస్ ఆ దిమ్మల వంక ఎంత గుచ్చి గుచ్చి చూశాడంటే, రవీందర్‌కు మండిపోయింది.

"ఏంది సార్ గట్ల చూస్తున్నవ్? బెల్లం అమ్ముకునుడు గూడ నేరమైందా? గుళ్ళె ప్రసాదానికి కొంటరు."

"పెదమడుగువాళ్ళ దుకాణం మూస్తారని అన్నారట" అంది పద్మప్రియ.

"అన్న. ఎందుకు అనొద్దు? పదేండ్ల సంది ఆ గుంపు తేనె నా దుకాణానికే వచ్చేది. ఫోను పట్టుకొని ఆ దుర్గమ్మ నన్నే సరాసరి పక్కకు నూకింది. కడుపు మండింది, నోరు జారిన. గంతే." అతను గొంతు తగ్గించాడు. "కని ఆళ్ళ తేనెల పాకం కలిసిందంటే నేను ఒప్పుకోను మేడం. ఆ ముసలమ్మ ఏలు పడితే ఆ తేనెకు తిరుగులేదు. ఆమె పెట్టే ముద్ర నా దుకాణంల పదేండ్లు చూసిన."

"మీ పార్సిళ్ళు ఎవరు పంపుతారు?"

"ఊళ్ళె వేలంగడప కౌంటర్ ఒక్కటే, భాస్కర్‌ది. బుధవారం బుధవారం మా పిల్లగాడు ఇచ్చొస్తడు. డబ్బ నేనే కట్టి, టేపు గూడ నేనే వేస్త. ఎవల్నీ నమ్మను."

భాస్కర్ కౌంటరు బ్రిడ్జి సెంటరు దగ్గర ఉంది. నలభై ఏళ్ళ మనిషి, నవ్వుముఖం. వచ్చినవాళ్ళకు అడక్కుండానే టీ తెప్పించాడు. పెదమడుగు పేరు వినగానే నవ్వు తగ్గించి నిట్టూర్చాడు.

"అమాయకులు మేడం. సోమవారం పొద్దుగాల బస్సుల వస్తరు, సీసలు ఇస్తరు, మళ్ళ అదే బస్సుల ఎక్కాలె. నేనే అన్ని చూసుకోవాలె."

"అన్నీ అంటే?"

"ఇగో గిట్ల." పద్మప్రియ చూస్తుండగానే అతను ఎవరిదో చీపురుకట్టల లాటు తీసి, కంప్యూటరులో నంబరు కొట్టి, గుండ్రటి స్టిక్కరు ముద్రించి సరుకు మీద అంటించాడు. తర్వాత డబ్బాలో పెట్టి టేపు వేశాడు. డబ్బా మీద అడ్రసు చీటీ. "సాయంత్రం ఐదింటికి వ్యాను వస్తది. అందాక లోపలి అర్రల పెట్టి తాళమేస్త. పోయిందని ఇప్పటిదాక ఒక్కరు అన్లే."

"ఈ గుండ్రటి స్టిక్కర్లు ఇంకెక్కడైనా దొరుకుతాయా?"

"మిషను మా తాననే ఉంటది మేడం. లాటు సరుకు మా చేతికి వచ్చినంకనే నంబరు పడుతది."

బయటికొచ్చాక రాందాస్ అన్నాడు. "మంచోడే మేడం. టీ గూడ అల్లమేసి తెప్పిచ్చిండు."

"అవును" అంది పద్మప్రియ. "టీ బాగుంది."

వేలంగడప ప్రాంతీయ అధికారి హేమలత ఆఫీసు అదే వీధిలో ఉంది. ఏది అడిగినా ఆమె ముందు కంప్యూటరు వంక చూసి జవాబిచ్చింది.

"సిస్టంలో ఆప్షన్ లేదండి. అమ్మినవాళ్ళు ఐదు స్టార్లు ఇచ్చాక, డీల్ ఇద్దరికీ నచ్చినట్టే లెక్క. చివరి పది రేటింగుల సగటు మూడు కంటే తగ్గితే నోటీసు, తర్వాత క్లోజ్. నేను ఆపడానికి లేదు."

"ఆ ఆరుగురు కొన్నవాళ్ళ డెలివరీ వివరాలు మీకు కనిపిస్తాయా?"

"నాకు కనిపిస్తాయి. అమ్మేవాళ్ళకు కొన్నవాళ్ళ పేరు, ఊరు మాత్రమే. అది కూడా వాళ్ళు ఖాతాలో రాసుకున్న ఊరే."

"మీరు చూశారా?"

హేమలత మొదటిసారి కంప్యూటరు వంక కాకుండా ఎదుటి మనిషి వంక చూసింది. "ఎవరూ అడగలేదండి."

"ఇప్పుడు నేను అడుగుతున్నాను. నాకు చెప్పొద్దు. శనివారం నాలుగు గంటలకు అందరి ముందూ చెబుదురుగాని."

* * *

శుక్రవారం మధ్యాహ్నానికి రాందాస్ గెలిచిన రెండు పార్సిళ్ళూ ఖమ్మం చేరాయి. రవీందర్ సీసా నాసిరకం ప్లాస్టిక్ కవరులో వచ్చింది. గిరిమధు సీసా దర్జాగా ఉంది. మెడ నుంచి మూత పైదాకా బంగారు రంగు తొడుగు బిగుతుగా అతుక్కుని, దాని మీద కొండలు, నెమళ్ళ బొమ్మలు.

పద్మప్రియ రెండూ రుచి చూసి, మూతలు బిగించి పక్కన పెట్టింది.

రాందాస్ బల్ల తుడుస్తూ రామక్క సీసా దగ్గర ఆగాడు. ఎండాకాలం గాలికి అడ్డాకు ముడుచుకుపోయి గోధుమ రంగుకు తిరిగింది. నార వదులై, ఆకు పెళుసుగా పెచ్చులు లేస్తోంది.

"ఈ చెత్త తీసేసి సీస తుడిచి పెట్టనా మేడం?"

"ముట్టుకోకండి" అంది పద్మప్రియ. అంత గట్టిగా ఆమె ఎప్పుడూ అనలేదు. "రేపు అది మనతో భద్రాచలం వస్తుంది."

* * *

శనివారం నాలుగు గంటలకు హేమలత గదిలో కుర్చీలు చాలక రవీందర్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. దుర్గ, రామక్క ఒక పక్క. వాళ్ళకు మంచినీళ్ళ సీసా అందిస్తూ భాస్కర్ ఇంకో పక్క. గోడ గడియారం ఎవరూ చూడనట్టు అందరూ చూస్తున్నారు. ఇంకో గంటలో పెదమడుగు ఖాతా మూతపడుతుంది.

పద్మప్రియ రామక్క సీసాను బల్ల మధ్యలో పెట్టింది.

"ఇది మంగళవారం నా దగ్గరికి వచ్చినప్పుడు ఆకు పచ్చగా ఉంది. ఇవాళ్టికి నాలుగు రోజులు. రామక్కా, మీ ఆకు ఎన్నాళ్ళు పచ్చగా ఉంటుంది?"

"గీ ఎండలకా? కోసిన్నాడు పచ్చగుంటది. తెల్లారి వాడుతది. మూడో నాటికి ఇస్తరాకు లెక్క ఎండుతది. గిది చిన్నపోరగాండ్లకు గూడ తెలుసు."

"ఇప్పుడు ఈ ఫోటోలు చూడండి." ఆరు ఫోటోలూ బల్ల మీద పరిచింది. "నాగపూర్‌లో ఆరో రోజు. నెల్లూరులో ఐదో రోజు. బెంగళూరు, కడప, హైదరాబాద్, వరంగల్. ఆరు ఊళ్ళలోనూ ఆకు చెట్టు మీద ఉన్నట్టే ఉంది."

రాందాస్ తన చెంప తనే కొట్టుకున్నంత పని చేశాడు. నాలుగు రోజులు ఆ ఆకు పక్కనే కూర్చుని తేదీలు కూడాడు తను!

"తేదీలు వేసిన మనిషి తెలివైనవాడు. పార్సిల్ ఎన్ని రోజులకు ఎక్కడికి చేరుతుందో లెక్క తప్పకుండా, అన్ని రోజులూ ఆగి రేటింగు వేశాడు. కానీ ఫోటో మాత్రం మొదటి రోజే తీశాడు. అంటే ఈ సీసాలు నాగపూర్ వెళ్ళలేదు. ఎక్కడికీ వెళ్ళలేదు. ఆకు ఇంకా పచ్చగా ఉండగా ఎవరి చేతిలో ఉన్నాయి?"

"గుంపులనే తీసిండ్రేమో మేడం" అన్నాడు భాస్కర్ మెల్లగా. "అండ్ల గూడ పడనోళ్ళు ఉంటరుగద."

దుర్గ తల తిప్పి అతని వంక చూసింది.

"నేనూ అదే ఆలోచించాను" అంది పద్మప్రియ. "కానీ ప్రతి ఫోటోలోనూ ఆకు మీద గుండ్రటి స్టిక్కరు ఉంది. గుంపులో ఆ స్టిక్కరు ఉండదు, ఈ సీసా మీద చూడండి, లేదు. లాటు మీ చేతికి వచ్చాకనే నంబరు పడుతుందని మీరే చెప్పారు. కాబట్టి ఫోటో తీసింది స్టిక్కరు పడ్డాక, ఆకు వాడకముందు. ఆ మధ్యలో సీసాలు ఉన్నది ఒక్క చోటే, మీరు తాళం వేసుకునే అర్రలో. రవీందర్ మనిషి వచ్చేది బుధవారం. వీళ్ళ సీసాలు వచ్చేది సోమవారం. హేమలతగారూ, ఇప్పుడు చెప్పండి."

హేమలత తెచ్చుకున్న కాగితం చదివింది. "ఆరు లాట్లూ... కౌంటర్ పికప్. అడ్రసుకు పంపకుండా, కొన్నవాళ్ళే వచ్చి కౌంటర్లో తీసుకునే పద్ధతి. ఆరుగురూ తీసుకున్నట్టు నమోదైంది భద్రాచలం కౌంటర్‌లోనే."

"నాగపూర్ నుంచి ఒక్క సీసా కోసం భద్రాచలం వచ్చిండంట!" రవీందర్ గట్టిగా నవ్వాడు. "రాములోరి దర్శనం గూడ చేస్కున్నడా భాస్కరూ?"

"వచ్చినోళ్ళకు ఇచ్చిన" అన్నాడు భాస్కర్. నవ్వుముఖం ఇంకా అలాగే ఉంది గానీ చేతిలోని నీళ్ళ సీసా నొక్కుకుపోయింది. "వాళ్ళు ఆడనే ఫోటో తీస్కుంటే నాకేం తెలుసు?"

"అందుకే ఇది కొన్నాం." పద్మప్రియ బంగారు తొడుగు సీసాను తీసింది. "గిరిమధు. ఎవరిదో తెలియదు. పుట్టి నెలన్నర. సరిగ్గా పెదమడుగుకు మొదటి ఒక్క స్టారు పడ్డ వారమే. మూత తిప్పితే తొడుగుతో సహా ఊడివచ్చింది, రుచి చూశాం. తొడుగు మాత్రం మీ కోసం అలాగే ఉంచాం. రాందాస్‌గారూ, తియ్యండి."

ఉత్తరాల కవర్లు చింపకుండా విప్పిన చేతులు రాందాస్‌వి. బ్లేడుతో తొడుగును పైనుంచి కిందికి కోసి, ఉల్లిపొర తీసినట్టు తీశాడు. లోపల మూత మీద తేనెమైనం. మైనంలో బొటనవేలి గుర్తు. మధ్యలో అడ్డంగా గీత.

రామక్క లేచి వచ్చి, తన వేలు ఆ గుంటలో పెట్టింది. అచ్చు సరిపోయింది.

"మైనం గీకితే మూత కారుతుంది, అందుకే పైన తొడుగు వేశాడు" అంది పద్మప్రియ. "ఒక్క స్టారు పడేకొద్దీ వేలంలో పాడేవాళ్ళు తగ్గారు. వేరే పేర్లతో ఇతనే తక్కువకు పాడి గెలిచాడు. ఆ సాయంత్రమే ఆకు విప్పి, తొడుగు వేసి గిరిమధుగా అమ్మకానికి పెట్టాడు. ఆకు విప్పేలోపే ఫోటో తియ్యాలి, తరువాత ఉండదు. అతని తొందర అది. పైగా ఆ ఆకును రోజూ పచ్చగానే చూసేవాడు. పార్సిల్ విప్పే చోట అది ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. వీళ్ళు ఫిర్యాదు చెయ్యకుండా ముందే ఐదు స్టార్లు ఇప్పించాడు. ఖాతా మూతపడితే తేనె మొత్తం తన దగ్గరికే రావాలని, అదీ ముందే అడిగి పెట్టాడు."

భాస్కర్ నీళ్ళ సీసా బల్ల మీద పెట్టాడు. తర్వాత దుర్గ వంక తిరిగాడు. "నేను మీకు అన్యాయం చెయ్యాలనుకోలే చెల్లె. అకౌంటు ఎట్లయినా మీకు నడపరాదు..."

"నాకు చెల్లె అనకు" అంది దుర్గ.

హేమలత పోలీసు స్టేషనుకు ఫోను చేసింది. తర్వాత కీబోర్డు ముందు కూర్చుంది. ఆ ఆరు రేటింగులూ దొంగ ఖాతాలవని రాసి, పెద్దాఫీసుకు పంపి, జవాబు వచ్చేదాకా స్క్రీన్ వంకే చూసింది. నాలుగూ యాభై రెండుకు జవాబు వచ్చింది. పెదమడుగు ఖాతా మూసివేత రద్దు.

దుర్గ కొంగుతో ముఖం కప్పుకుంది. రామక్క ఆమె వీపు మీద చెయ్యి వేసి, "ఏడ్వకు, బస్సు టైమైతంది" అంది.

"మా వాళ్ళకు ఇంకేమైనా రాయమంటారా?" హేమలత అడిగింది. ఈసారి సిస్టం మాట ఎత్తలేదు.

"రాయండి" అంది పద్మప్రియ. "ఇద్దరి రేటింగూ మూసిన కవరులా ఉండాలి. ఇద్దరూ వేశాకనే రెండూ ఒకేసారి తెరుచుకోవాలి. అప్పుడు ముందు ఐదిచ్చి నోరు కట్టేసుకోవడం ఉండదు. సరుకు ఎక్కడ చేతికందిందో ఆ ఊరు రేటింగు పక్కనే కనపడాలి, ఖాతాలో రాసుకున్న ఊరు కాదు. మెచ్చుకున్నా తిట్టినా, జవాబు చెప్పుకునే అవకాశం ఉండాలి. ఇక ఖాతా మూసేముందు ఒక మనిషి, మిషను కాదు, ఆ కాగితాలు ఒక్కసారి చదవాలి."

హేమలత చివరి మాట దగ్గర ఒక క్షణం ఆగి, అది కూడా రాసింది.

అప్పుడే రాందాస్ జేబులో ఫోను మోగింది. వేలంగడప నుంచి. 'మీరు కొన్న గిరిమధు తేనెకు ఎన్ని స్టార్లు ఇస్తారు?' కింద ఐదు ఖాళీ స్టార్లు.

"ఏం చెయ్యాలె మేడం?" అన్నాడు రాందాస్ ఇరకాటంలో పడి. "ఐదిస్తే దొంగకు ఇచ్చినట్టు. ఒకటిస్తే తేనెకు అన్యాయం చేసినట్టు. అడిగేది ఒక్కటే గడి."

"అమ్మిన మనిషికి ఒకటి, సరుకుకు ఒకటి, రెండు గళ్ళు ఉండాలని కూడా రాస్తాను" అంది హేమలత.

రామక్క రాందాస్ చేతిలోని ఫోను వంక వంగి చూసింది. "తేనె మంచిగున్నదా, లేదా? గది చెప్పు."

"మస్తుంది అక్కా."

"గంతే చాలు. గా పెట్టెల రాసేది తర్వాత చూడు." ఆమె తన పాత సీసాకు చుట్టిన ఎండుటాకు పెచ్చులు ఏరి దోసిట్లోకి తీసుకుని, సంచిలోంచి పొద్దున కోసిన పచ్చటి ఆకు తీసింది. సీసాకు కొత్తగా చుట్టి, నార బిగించి, రాందాస్ చేతిలో పెట్టింది. "ఇది నీ ఇంటికి. మూడు నాళ్ళకు ఎండుతది, జూస్కో."

సోమ్లికి ఆ సీసా ఇచ్చినప్పుడు రాందాస్ ఈసారి బస్సు కిరాయి మాట తనే ఎత్తాడు. ఆకు మాత్రం మంగళవారం దాకా విప్పనివ్వలేదు.